ఎస్‌ఎంపీఎస్ బిగించే పద్ధతి, వరంగల్ ఎండల్లో దాన్ని చల్లగా ఉంచే దారి

ఏప్రిల్ మొదలైతే చాలు, ఒకే ప్రశ్న పదిమంది నోట వింటాను. "సార్, మధ్యాహ్నం మూడు దాటితే కంప్యూటర్ దానంతటదే ఆరిపోతోంది. పొద్దుగూకాక మళ్లీ మామూలుగానే నడుస్తోంది. ఎందుకు?" అడిగేవారిలో ఇంజినీరింగ్ విద్యార్థులు ఉంటారు, జిరాక్స్ దుకాణాలవాళ్లు ఉంటారు, కొడుకు పోరు పడలేక గ్రాఫిక్స్ కార్డు కొనిచ్చిన తండ్రులూ ఉంటారు. పెట్టె తెరిచి చూస్తే ఎక్కువసార్లు తప్పు ఒక్కచోటే దొరుకుతుంది: గోడ కరెంటును లోపలి భాగాలకు తగిన వోల్టులుగా మార్చే ఎస్‌ఎంపీఎస్ వేడిగాలి పీలుస్తూ ఉంటుంది, లేదా దానికి గాలే అందదు.

పెట్టె మీద పవర్ సప్లై అని రాసి ఉన్నా మన దుకాణాల్లో దీని పేరు ఎస్‌ఎంపీఎస్సే. ఇక్కడా అలాగే రాస్తున్నాను. కింది పనులను ఇదే వరుసలో చేయండి. వరుస తప్పితే బిగించినదాన్ని మళ్లీ విప్పాల్సి వస్తుంది.

1. స్క్రూడ్రైవర్ పట్టకముందే గాలి దారి తేల్చుకోండి

ఎస్‌ఎంపీఎస్‌కు ఉన్న పెద్ద ఫ్యాను లోపలి వేడిని బయటికి ఊదుతుందని చాలామంది నమ్మకం. అది తప్పు. ఇప్పటి వాటిలో 120, 135 లేదా 140 మి.మీ. ఫ్యాను గాలిని తన డబ్బాలోకి లాక్కుంటుంది. లోపల వేడెక్కిన గాలి వెనక, పవర్ కార్డు గుచ్చే వైపున్న జాలీ గుండా పోతుంది. అంటే ఫ్యాను ఏ వైపు చూస్తే ఆ వైపు గాలినే అది పీలుస్తుంది.

ఇక మీ క్యాబినెట్ ఏ రకమో చూడండి.

అడుగున ఎస్‌ఎంపీఎస్ గూడు ఉండి, దాని కింద రేకులో రంధ్రాలు ఉంటే ఫ్యానును నేల వైపు తిప్పి బిగించాలి. గ్రాఫిక్స్ కార్డు వేడితో సంబంధం లేకుండా గదిలోని గాలి నేరుగా దానికి అందుతుంది. మన ప్రాంతానికి ఇంతకంటే మంచి అమరిక లేదు.

అడుగున గూడు ఉన్నా రంధ్రాలు లేకపోతే ఫ్యాను పైకి చూడాలి. గూడును కప్పుతూ రేకు ఉంటే ఆ రేకుకు రంధ్రాలు ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. పైనా కిందా మూసుకుపోయిన గూడులో ఎస్‌ఎంపీఎస్ పెట్టడం దాని నోరు నొక్కడమే.

పాత క్యాబినెట్లలో గూడు పైన, వెనక మూలన ఉంటుంది. అక్కడ ఫ్యాను కిందికి, అంటే మదర్‌బోర్డు వైపు చూస్తుంది. ప్రాసెసర్ విడిచిన వేడిగాలినే అది పీలుస్తుంది కాబట్టి అలాంటి క్యాబినెట్‌కు వెనక ఎగ్జాస్ట్ ఫ్యాను తప్పనిసరి. అది లేకుండా గ్రాఫిక్స్ కార్డు పెట్టవద్దు.

గది సంగతి కూడా లెక్కలోకి తీసుకోండి. మే నెలలో వరంగల్, రామగుండం, మంచిర్యాల వైపు పగటి ఉష్ణోగ్రత 43, 44 డిగ్రీలకు చేరడం మనకు కొత్త కాదు. స్లాబు కింద, పై అంతస్తులో, సీలింగ్ ఫ్యాను మాత్రమే తిరిగే గదిలో 38, 40 డిగ్రీలు ఉంటుంది. క్యాబినెట్ లోపల దానికి మరో ఐదు నుంచి పది డిగ్రీలు కలుపుకోండి. కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు చెప్పిన వాట్లు పూర్తిగా ఇచ్చేది 40 డిగ్రీల వరకే. మెరుగైన వాటికి 50 డిగ్రీల హామీ ఉంటుంది. చిన్న అక్షరాల్లో ఉండే ఈ అంకెను కొనేటప్పుడు వెతికి చదవండి.

ఇక కంప్యూటర్ టేబుల్ గురించి. సీపీయూ కోసం పక్కన అరలాగా చేసి, వెనక ప్లైవుడ్ కొట్టి, ముందు తలుపు బిగించిన టేబుళ్లు ప్రతి ఇంట్లో ఉన్నాయి. ఆ అరలో వేడిగాలి వెనక్కి కొట్టి, తిరిగి అడుగు నుంచి లోపలికే వస్తుంది. వడ్రంగిని పిలిచి వెనక ప్లైవుడ్ కోయించండి, లేదా క్యాబినెట్‌ను అర బయట పెట్టండి. మూడోదారి నాకు ఇంతవరకు కనబడలేదు.

చూసుకోవలసినవి:
- క్యాబినెట్ వెనకభాగానికీ గోడకూ మధ్య కనీసం జానెడు ఖాళీ
- అడుగున కాళ్ల ఎత్తు రెండు సెంటీమీటర్ల కంటే తక్కువ కాకూడదు
- కింద తివాచీ, పరుపు, దుప్పటి లేవు
- దుమ్ము పడకుండా కప్పే ప్లాస్టిక్ తొడుగును నడిచేటప్పుడు తీసేస్తున్నారు
- కిటికీ ఎండ నేరుగా రేకు మీద పడడం లేదు

తాండూరు బండల నేల చల్లగా ఉంటుందని క్యాబినెట్‌ను నేల మీదే పెట్టేవారున్నారు. చల్లదనం నిజమే. కానీ దుమ్మంతా అక్కడే పేరుకుంటుంది, తడిగుడ్డతో నేల తుడిచేటప్పుడు నీళ్లు అడుగు జాలీ దగ్గరికే వస్తాయి. జానెడు ఎత్తున్న చట్రంలాంటి స్టాండు చేయించుకుంటే సరిపోతుంది. దాని పైభాగం మూసిన పలకలా ఉండకూడదు, పట్టీల మధ్య సందులు ఉండాలి.

2. వాట్లు చూడండి, వేడినీ చూడండి

మీ భాగాలు కలిసి 300 వాట్లు వాడుతున్నాయనుకోండి. 85 శాతం సామర్థ్యం ఉన్న ఎస్‌ఎంపీఎస్ గోడ నుంచి సుమారు 353 వాట్లు లాగుతుంది. మిగిలిన 53 వాట్లు దాని డబ్బాలోనే వేడిగా మారతాయి. అదే 75 శాతం సామర్థ్యం ఉన్న చవక రకమైతే 400 వాట్లు లాగి 100 వాట్లు వేడిగా వదులుతుంది. పాతకాలపు వంద వాట్ల బల్బును చిన్న రేకు డబ్బాలో వెలిగించి మూతపెట్టడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

సామర్థ్యం 80 శాతానికి పైగా ఉందని తెలిపే 80 ప్లస్ ముద్ర చూసి కొనమనేది అందుకే. కరెంటు బిల్లులో మిగిలేది తక్కువే. మన ఎండల్లో ఆ ముద్ర వల్ల అసలు లాభం డబ్బా లోపల వేడి తగ్గడం. కరెంటును కాసేపు నిలవ ఉంచే లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి పది డిగ్రీల వేడికి దాదాపు సగం తగ్గుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక మోటు లెక్క ఉంది.

పేరు మీది అంకెను నమ్మవద్దు. పక్కనున్న లేబుల్లో 12 వోల్టుల గడిలో ఎన్ని ఆంపియర్లు రాశారో చూసి 12తో హెచ్చించండి. ఒకసారి 450 వాట్లని పెద్ద అక్షరాల్లో రాసిన డబ్బా మీద 12 వోల్టుల దగ్గర 17 ఆంపియర్లు కనబడ్డాయి. అంటే 204 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు బతికేది ఆ 12 వోల్టుల మీదే.

నా లెక్క ఇది: ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు గరిష్ఠ వాట్లు కలిపి, మిగతా వాటికి 75 చేర్చి, వచ్చినదానికి మరో సగం కలపండి. ఉదాహరణకు 65 వాట్ల ప్రాసెసర్ పని బరువు (లోడు) పడినప్పుడు 90 దాకా వెళ్తుందనుకుంటే, 170 వాట్ల కార్డుతో కలిపి 260, దానికి 75 చేరిస్తే 335, సగం కలిపితే 500 పైచిలుకు. 550 వాట్లది తీసుకోవచ్చు. చల్లని ఊళ్లలో ఉన్నవారికి ఇది ఎక్కువే అనిపించవచ్చు. పూర్తి బరువు మోయకుండా నడిచే ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను తక్కువ తిరుగుతుంది, తక్కువ దుమ్ము లాగుతుంది.

3. కొలతలు, పనిముట్లు

మామూలు డెస్క్‌టాప్‌లకు వాడే ఏటీఎక్స్ కొలత ఎస్‌ఎంపీఎస్ వెడల్పు 150 మి.మీ., ఎత్తు 86 మి.మీ. పొడవు మాత్రం 140 నుంచి 180 దాకా, కొన్నిట్లో ఇంకా ఎక్కువ ఉంటుంది. తీగలు గుచ్చే వైపు మరో మూడు నాలుగు వేళ్ల చోటు కావాలి. గూడు ముందు హార్డ్ డిస్కుల అర ఉంటే టేపుతో కొలవనిదే కొనవద్దు.

దగ్గర ఉంచుకోవలసినవి:
- నక్షత్రం మొన ఉన్న స్క్రూడ్రైవర్, మొనకు అయస్కాంతం ఉంటే మేలు
- ఎస్‌ఎంపీఎస్‌తో వచ్చిన నాలుగు స్క్రూలు
- తీగలు కట్టే ప్లాస్టిక్ పట్టీలు లేదా వెల్క్రో పట్టీ
- మల్టీమీటర్
- మెత్తటి పెయింట్ బ్రష్షు
- విప్పే ముందు ప్రతి కనెక్షన్ ఫొటో తీయడానికి ఫోను

స్క్రూల దగ్గర ఒక చిక్కు ఉంది. ఎస్‌ఎంపీఎస్‌కు పట్టేది 6-32 అనే మోటు మరల స్క్రూ. 3.5 అంగుళాల హార్డ్ డిస్కుకూ అదే. ఎస్‌ఎస్‌డీకి, డీవీడీ డ్రైవుకు వాడే ఎం3 స్క్రూ సన్నమరది. అది ఎస్‌ఎంపీఎస్ రంధ్రంలో తిరుగుతున్నట్టే ఉంటుంది, బిగుసుకోదు.

4. గోడ సాకెట్ సంగతి

క్యాబినెట్ రేకు తాకితే వేళ్లు జివ్వుమంటున్నాయా? ఎస్‌ఎంపీఎస్ పాడైందని దాన్ని మార్చేస్తారు, కొత్తది పెట్టినా అంతే ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్‌లో ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ రేకుకు చిన్న కెపాసిటర్లు కలిపి ఉంటాయి. ఎర్తు తీగ ఉంటే ఆ కాస్త కరెంటు నేలలోకి పోతుంది. ఎర్తు లేకపోతే రేకు మీద దాదాపు సగం వోల్టేజి, 110 దాకా నిలుస్తుంది. పాత ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక తీగే ఉండదు.

కొలవడం తెలిసినవారే కొలవాలి, లేదా ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి. ఫేజు, న్యూట్రల్ మధ్య 230 వోల్టులకు అటూ ఇటుగా, ఫేజు, ఎర్తు మధ్య ఇంచుమించు అంతే, న్యూట్రల్, ఎర్తు మధ్య రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. మూడు పిన్నుల పవర్ కార్డును రెండు పిన్నుల అడాప్టర్‌తో వాడడం మానేయండి.

ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజి పడిపోవడం కూడా వేడికి ఒక కారణమే. 230 వద్ద ఒకటిన్నర ఆంపియర్లు లాగే ఎస్‌ఎంపీఎస్ 180 వద్ద అదే పనికి దాదాపు రెండు ఆంపియర్లు లాగుతుంది. లేబుల్ మీద 100-240 అని ఉంటే అది తట్టుకుంటుంది, స్టెబిలైజర్ అక్కర్లేదు. 200-240 అని ఉంటే ఆలోచించాల్సిందే. వెనక 115, 230 అని ఎర్రటి స్విచ్చి ఉన్న పాతరకమైతే అది 230 మీదే ఉందో లేదో ప్లగ్గు పెట్టకముందు రెండుసార్లు చూడండి.

5. పాతది తీయడం

కంప్యూటర్ ఆపి, గోడ స్విచ్చి ఆపి, పవర్ కార్డు పీకండి. తర్వాత పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి ఉంచండి. మిగిలిన కరెంటు చాలావరకు దిగిపోతుంది.

అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయండి. మదర్‌బోర్డు మీది 24 పిన్నుల ప్లగ్గుకు పక్కన గొళ్లెం ఉంటుంది. దాన్ని బొటనవేలితో నొక్కి, ప్లగ్గు తలను పట్టుకుని లాగండి. తీగలు పట్టుకుని లాగవద్దు. రాకపోతే కొద్దిగా అటూ ఇటూ ఆడించాలి. మరో చేత్తో బోర్డు అంచును పట్టుకోకపోతే బోర్డు వంగుతుంది.

వెనక నాలుగు స్క్రూలు విప్పేటప్పుడు, గూడు పైనున్న క్యాబినెట్ అయితే ఎస్‌ఎంపీఎస్‌ను కింద చేయి పెట్టి పట్టుకోండి. చివరి స్క్రూ ఊడగానే అది ప్రాసెసర్ ఫ్యాను మీద పడుతుంది.

పాతది మాడ్యులర్ రకమైతే, అంటే తీగలు విడిగా ఊడివచ్చేదైతే, ఆ తీగలన్నీ పాత డబ్బాతోపాటే పక్కన పెట్టేయండి. ఒక్కటి కూడా కొత్తదానికి వాడవద్దు. ప్లగ్గు సరిగ్గా పట్టినా లోపల ఏ గడిలో ఏ వోల్టేజి వస్తుందన్నది ప్రతి కంపెనీకి, ఒక్కోసారి ఒకే కంపెనీలో ఒక్కో మోడల్‌కు మారుతుంది. తీగ కాస్త పొడవుగా ఉందని పాతదాన్ని వాడి నేను ఒక హార్డ్ డిస్కు పోగొట్టుకున్నాను. స్విచ్చి వేసిన క్షణంలోనే పోయింది. అందులో మా ఇంటి పెళ్లి ఫొటోలు ఉన్నాయి. ఆ ముచ్చట ఇప్పటికీ ఇంట్లో ఎత్తుతారు.

6. కొత్తదాన్ని బయటే పరీక్షించండి

క్యాబినెట్‌లోకి ఎక్కించాక చెడ్డదని తెలిస్తే శ్రమంతా వృథా. ఎస్‌ఎంపీఎస్‌ను చెక్క బల్ల మీద పెట్టండి. ఏ భాగానికీ కలపవద్దు. 24 పిన్నుల ప్లగ్గులో ఆకుపచ్చ తీగ గడినీ పక్కనున్న నల్ల తీగ గడినీ ఒక పేపర్ క్లిప్పుతో కలిపి, ఆ తర్వాతే పవర్ కార్డు పెట్టి వెనక స్విచ్చి వేయండి. ఫ్యాను తిరిగితే ప్రాణం ఉన్నట్టే. మల్టీమీటర్‌తో నాలుగు పిన్నుల పెద్ద ప్లగ్గులో పసుపు, నలుపు మధ్య 11.4 నుంచి 12.6 వోల్టులు, ఎరుపు, నలుపు మధ్య 4.75 నుంచి 5.25 వోల్టులు రావాలి.

తీగలన్నీ నల్లగా ఉన్న రకమైతే పేపర్ క్లిప్పు జోలికి పోవద్దు. ఎస్‌ఎంపీఎస్ టెస్టర్ అని చిన్న పరికరం దొరుకుతుంది, దానికి గుచ్చి చూడండి.

ఫ్యాను తిరగలేదని కంగారుపడి వెనక్కి ఇచ్చేవారు ఉన్నారు. తక్కువ బరువులో ఫ్యాను ఆగే ఏర్పాటు కొన్నిట్లో ఉంటుంది. వెనక దానికోసం చిన్న బటన్ ఉందేమో చూడండి. ఉంటే మన ఊళ్లలో ఫ్యాను ఎప్పుడూ తిరిగేలా ఆ ఏర్పాటును ఆపి ఉంచడమే నా సలహా. గదే 40 డిగ్రీలు ఉన్నప్పుడు నిశ్శబ్దం కోసం ఫ్యాను ఆపుకోవడం నాకు నచ్చదు.

7. గూడులోకి ఎక్కించడం

క్యాబినెట్‌ను పక్కకు, మదర్‌బోర్డు పైకి చూసేలా పడుకోబెట్టండి. మాడ్యులర్ రకమైతే కావలసిన తీగలను ముందే ఎస్‌ఎంపీఎస్‌కు గుచ్చండి. గూటిలోకి వెళ్లాక అక్కడికి వేళ్లు దూరవు. ప్రతి తీగా టక్కున శబ్దం వచ్చేదాకా నొక్కాలి.

అడుగు జాలీ కింద దుమ్ము వడకట్టే వల ఉంటే దాన్ని ఇప్పుడే లాగి, తోసి చూడండి. కొన్ని క్యాబినెట్లలో ఎస్‌ఎంపీఎస్ బిగించాక అది ఊడిరాదు. ముందు నుంచో పక్క నుంచో ఊడివచ్చే వల ఉన్న క్యాబినెట్ మీ అదృష్టం.

గూటిలో రబ్బరు దిమ్మెలు ఉంటే వాటి మీద కూర్చోబెట్టండి. వెనక నాలుగు రంధ్రాలు సరిగ్గా చదరంగా ఉండవు, ఒకటి కాస్త పక్కకు జరిగి ఉంటుంది. రంధ్రాలు కలవకపోతే బలవంతం చేయకుండా తిరగేసి చూడండి. తిరగేస్తేనే కలుస్తున్నాయంటే ఆ క్యాబినెట్ తయారుచేసినవారు ఫ్యానును ఆ వైపే ఉండమన్నారని అర్థం.

నాలుగు స్క్రూలనూ ముందు రెండు చుట్లు మాత్రమే తిప్పండి. తర్వాత ఎదురెదురు మూలల వరుసలో బిగించండి. ఒక మూల పూర్తిగా బిగిస్తే మిగతా మూడూ వంకరపోతాయి, తర్వాత ఫ్యాను నడిచేటప్పుడు రేకు గరగరలాడుతుంది.

ఫ్యాను పైకి చూసే అమరిక అయితే ఒక హెచ్చరిక. మిగతా పనంతా అయ్యేదాకా ఫ్యాను మీద అట్టముక్క పెట్టండి. జారిన స్క్రూ ఒకటి లోపల పడితే దాన్ని కదిలించి రాబట్టాలే తప్ప డబ్బా విప్పకూడదు. అట్టముక్క తీయడం మరిచిపోయినవారు కూడా నాకు తెలుసు.

8. తీగల వరుస

మొదట ప్రాసెసర్‌కు వెళ్లే 8 పిన్నుల తీగ. ఇది మదర్‌బోర్డు వెనక నుంచి పై మూలకు వెళ్లాలి. పెద్ద కూలర్ బిగించాక అక్కడ చేయి పట్టదు కాబట్టి ముందే లాగాలి. గ్రాఫిక్స్ కార్డు తీగ కూడా 8 పిన్నులదే. రెండింటి ధ్రువాలు తారుమారుగా ఉంటాయి, ఆకారం కొద్దిగా తేడా. తీగ మీద సీపీయూ (ప్రాసెసర్‌కు), పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డుకు) అని రాసి ఉంటుంది, చదివి గుచ్చండి. గట్టిగా నొక్కితే తప్పు రంధ్రంలోకి కూడా దూర్చగల బలవంతులు ఉన్నారు.

రెండోది 24 పిన్నులది. మూడోది హార్డ్ డిస్కు, ఎస్‌ఎస్‌డీలకు వెళ్లే సాటా తీగలు. చివర గ్రాఫిక్స్ కార్డు.

కార్డుకు రెండు 8 పిన్నుల రంధ్రాలుంటే రెండు వేర్వేరు తీగలు వాడండి. ఒక్కో 8 పిన్నుల ప్లగ్గుకు 150 వాట్లు, 6 పిన్నులదానికి 75 వాట్లు లెక్క. ఒకే తీగకు తోకలా రెండో ప్లగ్గు వేలాడుతూ ఉంటుంది, ఎక్కువ వాట్లు లాగే కార్డుకు దాన్ని వాడితే ఆ తీగ వేడెక్కుతుంది. కొత్త కార్డుల 16 పిన్నుల ప్లగ్గు అయితే సందు కనబడనంతగా లోపలికి వెళ్లాలి, ప్లగ్గు నుంచి 35 మి.మీ. వరకు తీగను వంచకూడదు. సగం దిగిన ప్లగ్గే కరిగిపోయేది.

మిగిలిన తీగల కట్టను ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను ముందుకు తోయవద్దు. ఫ్యాను పైకి చూసే అమరికలో సరిగ్గా ఇదే జరుగుతుంది: ఖాళీ కనబడిందని కట్టనంతా దాని మీదే కుక్కుతారు. మదర్‌బోర్డు వెనక పరచి కట్టండి.

9. మొదటిసారి స్విచ్చి వేసేముందు

- ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను దగ్గర తీగ, అట్ట, ప్లాస్టిక్ కాగితం ఏదీ లేదు
- 24 పిన్నులు, ప్రాసెసర్ 8 పిన్నులు, గ్రాఫిక్స్ కార్డు ప్లగ్గులు టక్కున పడ్డాయి
- విడి స్క్రూలు లోపల మిగల్లేదు, తెచ్చినవి లెక్క సరిపోయింది
- వెనక స్విచ్చి సున్నా వైపు ఉంది, ఆ స్థితిలోనే పవర్ కార్డు గుచ్చారు

ఇప్పుడు స్విచ్చి వేసి, పవర్ బటన్ నొక్కండి. బయాస్‌లో, అంటే కంప్యూటర్ లేచేటప్పుడు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల తెరలో, 12 వోల్టుల అంకె చూడండి. మరుసటి అరగంట గ్రాఫిక్స్ ఎక్కువున్న గేమో, వీడియో ఎడిటింగో, ఏదో ఒక బరువైన పని నడపండి. ఎక్కువ ఎస్‌ఎంపీఎస్‌లు తమ వేడి ఎంతో కంప్యూటర్‌కు చెప్పవు. అరచేతిని వెనక జాలీ దగ్గర పెట్టి చూడాల్సిందే. గోరువెచ్చని గాలి ధారగా వస్తుంటే బాగుంది. గాలి నీరసంగా, వేడి మాత్రం సెగలా తగులుతుంటే పీల్చే దారి ఎక్కడో మూసుకుంది. పీల్చే చోట చిన్న డిజిటల్ థర్మామీటర్ పెట్టండి. గది కంటే ఐదు డిగ్రీలకు మించి ఎక్కువ చూపితే వెనక వదిలిన గాలే చుట్టుతిరిగి వస్తోందని నేను లెక్కవేస్తాను.

10. క్యాబినెట్ గాలితో పొత్తు కుదర్చడం

గాలి నడవాల్సింది ముందు నుంచి లోపలికి, వెనక, పై నుంచి బయటికి. లోపలికి తెచ్చే ఫ్యాన్లు బయటికి పంపేవాటికంటే ఒకటి ఎక్కువ ఉంటే వడకట్టే వలల గుండానే గాలి వస్తుంది, సందుల్లోంచి దుమ్ము లాగదు. కింద ఫ్యాను ఉన్న ఎస్‌ఎంపీఎస్ ఈ లెక్కలోకి రాదు, దాని ఊపిరి దానిదే. పైకి చూసేదయితే అది కూడా ఒక ఎగ్జాస్టే.

ఎయిర్ కూలర్‌ను క్యాబినెట్‌కు ఎదురుగా పెట్టవద్దు. మే నెల పొడిగాలిలో కూలర్ గదిని బాగానే చల్లబరుస్తుంది, కంప్యూటర్‌కూ మేలే. కానీ నేరుగా ఊదితే సన్నటి తుంపర, దాంతోపాటు బోరు నీటి ఉప్పు లోపలికి పోతాయి. ఎదురు కిటికీ తెరిచి, క్యాబినెట్‌కు పక్కవాటుగా పెట్టండి. వానలు మొదలయ్యాక కూలర్ గదిలో తేమ నింపడం తప్ప చేసేది ఏమీ ఉండదు.

11. కార్తెలవారీ శుభ్రత

దుమ్ము ఒక్కోచోట ఒక్కోరకం. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల, జిన్నింగ్ మిల్లుల దగ్గర పత్తి నూగు జాలీ మీద దుప్పటిలా పరుచుకుంటుంది, చూడ్డానికి భయంగా ఉన్నా వేలితో లాగితే ఊడివస్తుంది. గోదావరిఖని, మంచిర్యాల, భూపాలపల్లి వైపు బొగ్గు నుసి జిడ్డులా అంటుకుంటుంది, బ్రష్షు తప్పనిసరి. కరీంనగర్‌లో గ్రానైట్ కోసే చోట్ల సన్నటి పొడి వలను కూడా దాటి పోతుంది.

నేను పాటించే వేళలు మూడు. రోళ్లు పగిలే రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో వస్తుంది, దానికి ముందు వారం పూర్తి శుభ్రత. మృగశిర దాటి వానలు నిలదొక్కుకున్నాక పురుగులు, చీమలు, బల్లుల కోసం ఒకసారి. పత్తి మార్కెట్‌కు రావడం ఊపందుకునే దసరా తర్వాత మరోసారి. వడకట్టే వలను మాత్రం నెలకోసారి కడిగి, పూర్తిగా ఆరబెట్టి పెట్టాలి.

చేసే పద్ధతి: పవర్ కార్డు పీకి, క్యాబినెట్‌ను వాకిట్లోకి తీసుకెళ్లండి. బ్లోయర్‌ను జానెడున్నర దూరంలో పట్టి, వెనక జాలీ వైపు నుంచి ఫ్యాను వైపుకు ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను ఒక పుల్లతో ఆపి ఉంచండి. గిరగిరా తిరిగితే బేరింగు అరుగుతుంది. పంక్చర్ దుకాణంలో కంప్రెసర్ గాలి పట్టించేవారు ఉన్నారు. ఆ గాలిలో నీటి చెమ్మ ఉంటుంది, ఒత్తిడి కూడా మరీ ఎక్కువ.

ఆయుధ పూజ నాడు సీపీయూకు పసుపు, కుంకుమ పెట్టడం మన ఇళ్లలో, దుకాణాల్లో మామూలే. బొట్టు రేకు పక్కన పెట్టండి. ముందు జాలీ మీద అద్దిన కుంకుమ ఎక్కడికి పోతుందో నేను ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను రెక్కల మీద చాలాసార్లు చూశాను.

వెనక వాడని స్లాట్ల రేకు పట్టీలు పారేయకండి. ఆ ఖాళీల గుండానే బల్లులు వస్తాయి. ఒక్క బల్లి చాలు, డబ్బాలో మెరుపు మెరిసి అంతా ఆగిపోవడానికి.

12. ఎదురయ్యే తంటాలు, వాటి మందులు

మధ్యాహ్నం మాత్రమే ఆరిపోతోంది. క్యాబినెట్ పక్కరేకు తీసి, అరలోంచి బయటికి తెచ్చి ఒకరోజు నడపండి. ఆగకపోతే తప్పు గాలిదారిదే, ఎస్‌ఎంపీఎస్‌ది కాదు. అయినా ఆగితే ప్రాసెసర్ వేడి చూడండి, ఆ తర్వాత ఎస్‌ఎంపీఎస్‌ను మార్చి చూడండి.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారగానే ఆగిపోతోంది. ఎస్‌ఎంపీఎస్ తనలో నిలవ ఉన్న శక్తితో ఓపిక పట్టగలిగేది సుమారు 16 మిల్లీసెకన్లే. ఇన్వర్టర్ మీద యూపీఎస్ మోడ్ స్విచ్చి ఉంటే అటు తిప్పండి. చదరపు తరంగం ఇచ్చే పాత ఇన్వర్టర్ మీద యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ నుంచి కరెంటును సాఫీగా లాగే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్ గుయ్యిమంటుంది, వేడెక్కుతుంది. శుద్ధ సైన్ తరంగం ఇచ్చేదే దీనికి మందు.

కొత్తది బిగించాక అసలు లేవడం లేదు. పదింట ఏడుసార్లు ప్రాసెసర్ 8 పిన్నుల తీగ మరిచిపోయి ఉంటారు. లేదా వెనక స్విచ్చి.

కటకటమనే శబ్దం. తీగ రెక్కకు తగులుతోంది. వెంటనే ఆపి తీగను కట్టండి.

ఉరుముల వేళ. ప్లగ్గే పీకేయండి, స్విచ్చి ఆపితే చాలదు.

కాలిన వాసన, లేదా చిటపట. పవర్ కార్డు పీకి, ఇక ఆ ఎస్‌ఎంపీఎస్‌ను మళ్లీ నడపవద్దు. డబ్బా విప్పి చూడాలన్న కుతూహలం కూడా వద్దు: లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు నిలిచి ఉంటుంది. పైగా స్టిక్కర్ చిరిగితే వారంటీ పోతుంది. మంచివాటికి ఐదేళ్లు, ఏడేళ్లు, పదేళ్ల వారంటీ కూడా ఉంది. దుకాణంలో ఇచ్చే నున్నటి కాగితపు బిల్లు మాత్రం మన వేడికి రెండు వేసవుల్లో తెల్లబడిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ ఇంటికి తెచ్చిన రోజే బిల్లునూ, డబ్బా మీది సీరియల్ అంకెనూ ఒకే ఫొటోలో పడేలా తీసి దాచుకోండి.